బెంగళూరులో కారు కొనేటప్పుడు: స్వదేశీ కంపెనీయా, విదేశీ కంపెనీయా?

ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో, సొంతూరు చిత్తూరు, అనంతపురం, కర్నూలు వైపు. వారమంతా రింగ్ రోడ్డు ట్రాఫిక్, పండగొస్తే హైవే. బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళలో చాలామంది ఇలాంటి అవసరానికే కారు కొంటారు. కొనేముందు వాదన కూడా ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. ఒకరు "టాటా, మహీంద్రా అయితే బాడీ గట్టి, పైగా మన కంపెనీ" అంటారు. ఇంకొకరు "జపాన్ ఇంజనైతే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అంటారు. ఊళ్ళో నాన్నగారు "మారుతీ తీసుకోరా, మన టౌన్లోనే మెకానిక్ ఉన్నాడు" అని ఫోన్ పెట్టేస్తారు. ఈ ముగ్గురిలో కాస్త గట్టి పాయింటు చెప్పింది నాన్నగారే. ఎందుకో కింద చూద్దాం.

అసలు ఏది స్వదేశీ?

షోరూంలో బండి ఛాసిస్ నంబరు చూడండి. అందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఎం.ఎ.టి.తో మొదలైతే టాటా. ఎం.ఎ.3 అయితే మారుతీ, ఎం.ఎ.ఎల్. అయితే హ్యుందాయ్, ఎం.బి.జె. అయితే టయోటా కిర్లోస్కర్. నాలుగూ 'ఎం'తోనే మొదలవుతాయి, నాలుగూ ఇక్కడ తయారైనవే. జపాన్‌లో తయారై వచ్చిన బండికి మొదటి అక్షరం 'జె', జర్మనీలో తయారైతే 'డబ్ల్యూ' ఉంటుంది.

కియా ఫ్యాక్టరీ బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్ళే దారిలోనే, పెనుకొండ దగ్గర ఉంది. సెల్టోస్ 2019 నుంచి అక్కడే తయారవుతోంది. టయోటాది బెంగళూరు పక్కనే ఉన్న బిడది. మారుతీ పేరు మీద అమ్మే గ్రాండ్ విటారా కూడా ఆ బిడది ఫ్యాక్టరీలోనే తయారవుతూ వచ్చింది. హ్యుందాయ్ 1998 నుంచి చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్ ప్రాంతంలో కార్లు చేస్తోంది. మరోవైపు మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ పెట్రోల్ ఆటోమేటిక్‌లో ఉన్న గేర్‌బాక్సు జపాన్ కంపెనీ ఐసిన్‌ది. జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ని అందరూ ఫారిన్ బండి అంటారు గానీ 2008 నుంచీ దాని యజమాని టాటాయే.

కాబట్టి బండి ఎక్కడ తయారైంది అన్న ప్రశ్న మీ నిర్ణయాన్ని పెద్దగా మార్చదు. మార్చేవి వేరే ఉన్నాయి. ప్రాధాన్యం వరసలో చెబితే: మీ ఇంటి దగ్గరా ఊరి దారిలోనూ సర్వీసు, విడిభాగాలు ఎలా ఉన్నాయి, మీరు రోజూ నడిపే ట్రాఫిక్‌కి ఆ గేర్‌బాక్సు తట్టుకుంటుందా, క్రాష్ టెస్టులో ఆ మోడల్‌కి ఏమొచ్చింది, కర్ణాటక పన్ను కలిపాక అసలు ధర ఎంత, బండిని ఎన్నేళ్ళు ఉంచుకుంటారు, అప్పటికి ఆ కంపెనీ ఇక్కడ ఉంటుందా. వరస ఇదే అయినా బడ్జెట్ తేలకుండా మిగతావి మాట్లాడుకోలేం గనక ధరతో మొదలుపెడదాం.

పది లక్షల గీత

2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోల్, డీజిల్ కార్ల మీద జీఎస్టీ రెండే ముక్కలైంది. పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ లేదా డీజిల్ ఇంజన్ 1500 సీసీ దాటకుండా ఉంటే 18 శాతం. ఈ రెండింటిలో ఏది దాటినా 40 శాతం. బ్యాటరీ కార్లకు 5 శాతం.

| మోడల్ | ఇంజన్ | పొడవు | జీఎస్టీ |
|---|---|---|---|
| టాటా నెక్సాన్ | పెట్రోల్ 1199 సీసీ, డీజిల్ 1497 సీసీ | 3995 మి.మీ. | 18 శాతం |
| మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ | పెట్రోల్ 1197 సీసీ, డీజిల్ 1497 సీసీ | 3990 మి.మీ. | 18 శాతం |
| హ్యుందాయ్ వెన్యూ | పెట్రోల్ 1197, 998 సీసీ, డీజిల్ 1493 సీసీ | 3995 మి.మీ. | 18 శాతం |
| స్కోడా కైలాక్ | పెట్రోల్ 999 సీసీ | 3995 మి.మీ. | 18 శాతం |
| మారుతీ బ్రెజా | పెట్రోల్ 1462 సీసీ | 3995 మి.మీ. | 40 శాతం |
| హ్యుందాయ్ క్రెటా | పెట్రోల్ 1497 సీసీ, డీజిల్ 1493 సీసీ | 4330 మి.మీ. | 40 శాతం |

బ్రెజా పొడవు సరిపోయినా ఇంజన్ పెద్దది కావడంతో పై శ్లాబులో పడింది. ఇక్కడ జెండా ఏ దేశానిదన్న లెక్కే లేదు. బోనెట్ కింద ఎన్ని సీసీలన్నదే లెక్క.

దీని మీద కర్ణాటక జీవితకాల పన్ను పడుతుంది. 5 లక్షల లోపు బండికి 13 శాతం, 5 నుంచి 10 లక్షలకు 14, 10 నుంచి 20 లక్షలకు 17, ఆ పైన 18. ఈ పన్ను మీద మళ్ళీ 11 శాతం సెస్సు. అంటే 5 నుంచి 10 లక్షల బండికి 15.54 శాతం, 10 నుంచి 20 లక్షల బండికి 18.87 శాతం. పైగా శ్లాబు దాటిన ముక్కకు మాత్రమే కాదు, మొత్తం ధర మీద పడుతుంది. 9.80 లక్షల బండికి పన్ను 1,52,292 రూపాయలు. 10.20 లక్షల బండికి 1,92,474 రూపాయలు. షోరూం ధరలో తేడా 40 వేలే, చేతి నుంచి పోయేది 80 వేలు. 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా కట్టించుకుంటారు, అదైతే ఐటీ రిటర్న్‌లో తిరిగి వస్తుంది. సన్‌రూఫ్ కోసమో పెద్ద స్క్రీన్ కోసమో పై వేరియంట్‌కి వెళ్ళేటప్పుడు ఈ గీత ఎక్కడుందో ముందే చూసుకోండి.

"ఆంధ్రా అడ్రస్ ఉంది కదా, అక్కడే రిజిస్టర్ చేయిస్తే సరి" అనే సలహా చాలామంది ఇస్తారు. బండి కర్ణాటకలో 12 నెలలు దాటి తిరిగితే ఇక్కడి నంబరు తీసుకుని ఇక్కడ పన్ను కట్టాలి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తేవాలి, అక్కడ కట్టిన పన్ను వాపసు కోసం విడిగా తిరగాలి. ఉద్యోగం ఇక్కడ స్థిరమైతే మొదటి రోజే కేఏ నంబరు తీసుకోవడం మేలు.

సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గేర్‌బాక్సు

బెంగళూరు కొనుగోలుదారు అన్నిటికన్నా ఎక్కువ సేపు ఆలోచించాల్సింది దీని గురించే. ఆటోమేటిక్ అని ఒకే మాటతో అమ్మే వాటిలో నాలుగు రకాలున్నాయి, నాలుగూ ట్రాఫిక్‌లో వేర్వేరుగా అరుగుతాయి.

| రకం | ఎక్కడ దొరుకుతుంది | పాకే ట్రాఫిక్‌లో |
|---|---|---|
| ఏఎంటీ (మాన్యువల్ గేర్లనే యంత్రం మారుస్తుంది) | నెక్సాన్, మారుతీ చిన్న కార్లు | చవక. మామూలు క్లచ్చే గనక అది అరుగుతుంది, గేరు మారేటప్పుడు తల ఊగుతుంది |
| టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు నూనె ద్వారా శక్తి అందుతుంది) | బ్రెజా, కైలాక్, 3ఎక్స్‌ఓ పెట్రోల్ | అన్నిటికన్నా మొండిది. మైలేజీ కాస్త తక్కువ |
| సీవీటీ (విడి గేర్లు ఉండవు, బెల్టు మీద నడుస్తుంది) | హోండా సిటీ, ఎలివేట్ | మెత్తగా పోతుంది. గట్టిగా తొక్కితే ఇంజన్ అరుపు |
| డ్యూయల్ క్లచ్ | హ్యుందాయ్, కియా, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ 1.5 టర్బోలు. నెక్సాన్ పై వేరియంట్లు | హైవేలో హాయి. పొడి క్లచ్ అయితే వేడెక్కుతుంది |

డ్యూయల్ క్లచ్ గురించి వివరంగా చెప్పాలి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ 1.5 టర్బోతో ఇచ్చే 7 గేర్ల డీఎస్‌జీ, హ్యుందాయ్, కియాల 7 గేర్ల డీసీటీ, రెండూ పొడి క్లచ్ రకం. లోపల రెండు క్లచ్‌లుంటాయి, వాటిని చల్లబరిచే నూనె ఉండదు, గాలే దిక్కు. గంటకు 5 నుంచి 8 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నంత సేపూ క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉంటుంది. ఆ జారుడులోనే వేడి పుడుతుంది. వేడి హద్దు దాటితే స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది, మొదటి రెండు గేర్లలో వణుకు మొదలవుతుంది. టాటా నెక్సాన్‌లో వచ్చే డీసీఏ నూనెలో మునిగి ఉండే తడి క్లచ్. ఈ ఒక్క విషయంలో మన కంపెనీ ఎంపిక మన ట్రాఫిక్‌కి తగ్గట్టుంది.

ఇప్పటికే పొడి క్లచ్ బండి ఉన్నవాళ్ళు ముందు బండికి అంటుకుని పాకకుండా, ఒక కారు పట్టేంత జాగా వదిలి ఒకేసారి ముందుకు వెళ్ళండి. ఫ్లైఓవర్ ఎక్కేచోట బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, బ్రేకు తొక్కి పట్టండి. సిగ్నల్ పొడవైతే న్యూట్రల్‌లో పెట్టండి. వారంటీ పొడిగింపు అమ్ముతుంటే గేర్‌బాక్సు, దాన్ని నడిపే మెకట్రానిక్ యూనిట్ అందులో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో పాత జర్మన్ సెడాన్ చవగ్గా దొరికిందని సంబరపడేవాళ్ళు ముందు ఈ యూనిట్ మార్పు ఖర్చు అడగాలి, లక్ష దాటడం మామూలే.

డీజిల్ సంగతి. మారుతీ, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడే చిన్న డీజిళ్ళు ఆపేశాయి, తర్వాత హోండా కూడా ఆపేసింది. 4 మీటర్ల లోపు డీజిల్ కావాలంటే మిగిలింది టాటా, మహీంద్రా, హ్యుందాయ్, కియా. నెలకు రెండుసార్లు కర్నూలు, నంద్యాల వెళ్ళే ఇంటికి డీజిల్ బాగా గిట్టుబాటవుతుంది. రోజూ ఐదారు కిలోమీటర్ల ఆఫీసు తప్ప వేరే తిరుగుడు లేని ఇంటికి వద్దు. పొగగొట్టంలోని డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్) మసితో పూడుకుంటుంది. అది కాలి శుభ్రం కావాలంటే ఆగకుండా ఓ 15, 20 నిమిషాలు మంచి వేగంతో పోవాలి. ఊళ్ళో తిరిగే బండికి ఆ అవకాశమే రాదు.

బాడీ గట్టిదనం

"మన బండ్లే గట్టివి" అన్న మాటకు మూలం ఉంది. 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో 5 స్టార్లు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు నెక్సాన్. 2020లో ఆల్ట్రోజ్, ఎక్స్‌యూవీ 300 కూడా తెచ్చుకున్నాయి. మన దేశపు క్రాష్ టెస్టు భారత్ ఎన్‌క్యాప్ 2023లో మొదలయ్యాక తొలి 5 స్టార్లు హారియర్, సఫారీలకే వచ్చాయి. విదేశీ కంపెనీలను కదిలించింది ఈ పోటీయే, ఆ ఘనత టాటా, మహీంద్రాలకు ఇవ్వాల్సిందే.

అయితే ఆ తేడా ఇప్పుడు కంపెనీల మధ్య కాదు, మోడళ్ళ మధ్య ఉంది. 2022లో కఠినమైన కొత్త పద్ధతిలో కుషాక్, టైగున్ 5 స్టార్లు తెచ్చుకున్నాయి. 2023లో వెర్నా, 2024లో మారుతీ డిజైర్ వాటి సరసన చేరాయి. స్టార్లతో పాటు రిపోర్టులో రెండు వరసలు చదవండి: గ్లోబల్ ఎన్‌క్యాప్ రిపోర్టైతే బాడీషెల్ (బండి చట్రం) 'స్టేబుల్' అన్నారా 'అన్‌స్టేబుల్' అన్నారా, పరీక్షించిన బండిలో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయి. పిల్లలుంటే 49 మార్కుల్లో చైల్డ్ సేఫ్టీకి ఎన్ని వచ్చాయో కూడా చూడండి.

సర్వీసు, విడిభాగాలు

నాన్నగారి మాట నిలిచేది ఇక్కడే. మారుతీ వర్క్‌షాపు లేని తాలూకా అరుదు. హ్యుందాయ్, టాటా, మహీంద్రా జిల్లా కేంద్రాలన్నింటా ఉన్నాయి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్, హోండా, ఎంజీలకు బెంగళూరులో లోటు లేదు గానీ, రాయలసీమ లోపలికి పోయేకొద్దీ సెంటర్లు పలచబడతాయి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు రేడియేటర్‌కి రాయి తగిలితే బండి టోయింగ్ ట్రక్కు మీద మళ్ళీ బెంగళూరు రావాల్సిన పరిస్థితి వస్తుందా, లేక మధ్యాహ్నానికి పక్క టౌన్లో బాగుపడుతుందా? కంపెనీ వెబ్‌సైటులో సర్వీసు సెంటర్ల మ్యాప్ తెరిచి, మీరు వెళ్ళే దారిలో ఉన్న ఊళ్ళన్నీ ఒక్కొక్కటీ కొట్టి చూడండి. పది నిమిషాల పని.

రెండోది, అమ్మే మనిషిని కాకుండా బాడీషాపులో కూర్చునే అడ్వైజర్‌ని కలవండి. "ఈ మోడల్‌కి ముందు బంపర్, హెడ్‌లైట్, ముందు అద్దం, లోయర్ ఆర్మ్ తెప్పిస్తే ఎన్ని రోజులు పడుతోంది?" అని అడగండి. రెండు మూడు రోజులంటే సరే. "ప్లాంటు నుంచి రావాలి సార్" అంటే రెండు మూడు వారాలు ఆటోలో తిరగడానికి సిద్ధపడాలి. కొత్తగా వచ్చిన మోడల్ మొదటి ఆరు నెలల్లో ఎవరిదైనా ఇదే గతి. ఆ ఆరు నెలల్లో సాఫ్ట్‌వేర్ లోపాలు, డోర్ రబ్బర్ల చప్పుళ్ళు కూడా ఎక్కువ. టాటా, మహీంద్రాలు కొత్త మోడళ్ళను వేగంగా దింపుతాయి గనక వాటి విషయంలో కాస్త ఆగి కొనడం లాభం.

వారంటీ అయిపోయాక కథ మారుతుంది. మారుతీ, హ్యుందాయ్, టాటా బండ్లకు లింక్ రాడ్, స్ట్రట్ మౌంట్, బ్రేక్ ప్యాడ్ లాంటివి బెంగళూరు జె.సి. రోడ్డులో సులువుగా దొరుకుతాయి, బయటి మెకానిక్‌కీ వాటి పని తెలుసు. జర్మన్ బండ్లకు విడిభాగాలతో పాటు లోపం చదివే స్కానర్, అది తెలిసిన చెయ్యి కూడా వెతుక్కోవాలి.

మన రోడ్లలో ముందు పోయేవి ఇంజన్లు కావు, కింద భాగాలు. స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ముందు చక్రం దగ్గర 'టక్ టక్' వస్తే ముందు లింక్ రాడ్, ఆ తర్వాత లోయర్ ఆర్మ్ బుష్ చూపించండి. టైరు సైజు కూడా చూసి కొనండి. 215/60 ఆర్16 టైరుకు పక్క గోడ ఎత్తు 129 మిల్లీమీటర్లు. 205/55 ఆర్17కి సుమారు 113. గుంతలో దిగినప్పుడు ఆ 16 మిల్లీమీటర్ల రబ్బరే అల్లాయ్ వంగకుండా కాపాడుతుంది. పెద్ద చక్రం షోరూంలో అందంగా ఉంటుంది గానీ బెంగళూరుకు 16 అంగుళాలు చాలు.

కంపెనీ వెళ్ళిపోతే?

ఇది విదేశీ కంపెనీలకే ఉన్న నిజమైన ప్రమాదం. షెవ్రోలే 2017లో అమ్మకాలు ఆపింది. ఫియట్ 2019లో ఆపింది. ఫోర్డ్ 2021లో తయారీ మూసేస్తున్నట్టు ప్రకటించింది, దాని సానంద్ ఫ్యాక్టరీని తర్వాత టాటాయే కొన్నది. సర్వీసు, విడిభాగాలు ఆ తర్వాతా కొనసాగాయి, కానీ ప్రకటన వచ్చిన రోజు నుంచే పాత బండి ధర పడిపోతుంది. విచిత్రమేమిటంటే ఫియట్ పోయినా దాని 1.3 డీజిల్ ఇంజన్‌కి దిగులు లేదు. స్విఫ్ట్‌లోనూ టాటా బండ్లలోనూ లక్షల్లో వేశారు గనక విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. అందుకే కంపెనీ ఏ దేశానిదన్నదానికన్నా, ఆ ఇంజన్ రోడ్డు మీద ఎన్ని బండ్లలో ఉందన్నదే నమ్మదగ్గ కొలత.

మారుతీ, హ్యుందాయ్, టయోటాలు వెళ్ళిపోతాయన్న భయం అనవసరం. తక్కువ అమ్మకాలున్న బ్రాండ్ తీసుకుంటే నాలుగేళ్ళలో అమ్మేద్దామన్న ఆలోచన మానుకుని, పదేళ్ళు ఉంచుకునే లెక్కతో కొనండి.

పూర్తిగా బయట తయారై ఓడలో వచ్చే బండి వేరే లోకం. 2025లో వచ్చిన టెస్లా మోడల్ వై ఇక్కడ దాదాపు 60 లక్షల దగ్గర మొదలైంది, అందులో పెద్ద భాగం దిగుమతి సుంకమే. అద్దం పగిలినా అది ఓడలోనో విమానంలోనో రావాలి. రోజువారీ ఏకైక బండిగా సలహా ఇవ్వలేం.

ఎవరికి ఏది

రోజూ రింగ్ రోడ్డు మీద గంటన్నర, ఏడాదికి నాలుగైదు సార్లు ఊరు: టార్క్ కన్వర్టర్ ఉన్న 3ఎక్స్‌ఓ లేదా కైలాక్. రెండూ భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లవే. ఊరి దగ్గర స్కోడా సెంటర్ లేకపోతే మహీంద్రా.

ప్రతి వారాంతం హైవే, సొంతూరు లోపలి పల్లె: నెక్సాన్ డీజిల్ మాన్యువల్. 208 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ మట్టిరోడ్డుకు అక్కరకొస్తుంది. హైదరాబాద్ వైపైతే బాగేపల్లి, చిత్తూరు వైపైతే ముళబాగిలు దాటకముందే ట్యాంకు నింపుకోండి, ఆంధ్రాలో ఇంధనం ధర ఎక్కువ.

అమ్మానాన్నలు ఊళ్ళో నడుపుతారు, లేదా నాలుగేళ్ళలో అమ్మే ఆలోచన ఉంది: మారుతీ లేదా హ్యుందాయ్, మాన్యువల్. డిజైర్ ఇప్పుడు భద్రతలోనూ వెనకపడలేదు.

ఆరుగురు పైగా ఉన్న ఇల్లు, పదేళ్ళు ఉంచుకునే ఉద్దేశం, డబ్బుకు ఇబ్బంది లేదు: బిడదిలో తయారయ్యే ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్. ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం మోటారు మీదే నడుస్తుంది, తిరిగి అమ్మినా ధర నిలుస్తుంది.

అపార్ట్‌మెంట్ పార్కింగులో సొంత చార్జింగ్ పాయింట్ పెట్టుకోగలిగినవాళ్ళు మాత్రమే బ్యాటరీ కారు చూడండి. అసోసియేషన్ అనుమతి చేతికి వచ్చాకే బుకింగ్.

బుకింగ్ ముందు, డెలివరీ రోజు

టెస్ట్ డ్రైవ్ షోరూం చుట్టూ ఒక రౌండ్ కొట్టి ముగించకండి. సాయంత్రం ఆరు తర్వాత అడగండి. ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆపి, బ్రేకు మీంచి కాలు తీసి, వెనక్కి జారుతుందేమో చూడండి. మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కించండి. క్లచ్ కాలిన వాసన వస్తే ఆ గేర్‌బాక్సు మీకు కాదు. ఇంట్లో పెద్దవాళ్ళను వెనక సీట్లో కూర్చోబెట్టి దింపండి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు డోరు గడప ఎత్తు ముఖ్యం.

ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే చాలాచోట్ల వాళ్ళే తగ్గిస్తారు. 2022 సెప్టెంబరు వానలకు యమలూరు, బెళ్ళందూరు వైపు కార్లు నీళ్ళలో మునిగిన సంగతి తెలిసిందే. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల కోత లేని కవర్)తో పాటు ఇంజన్ ప్రొటెక్షన్ కూడా పెట్టించండి. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే నీళ్ళు సిలిండర్‌లోకి పోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, మామూలు పాలసీ దాన్ని కట్టదు. 'హ్యాండ్లింగ్ చార్జీలు' అని బిల్లులో కనిపిస్తే కొట్టేయమనండి.

రిజిస్ట్రేషన్‌కి పంపకముందే, పగటి వెలుగులో బండి చూడండి. బిల్లు మీది ఛాసిస్ నంబరు, బండి మీది నంబరు ఒకటేనా, తయారీ నెల ఏది, టైర్ల మీద నాలుగంకెల తేదీ ఎంత, ఓడోమీటర్ ఎంత చూపిస్తోంది. డోర్ల మధ్య సందులు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా, ఏ ప్యానెల్ మీదైనా పెయింటు రంగు తేడాగా ఉందా. స్టెప్నీ, జాకీ, రెండో తాళం చేతికి వచ్చాకే మిగతా డబ్బు కట్టండి.